ఫోన్ మనది, గొళ్లెం వాళ్లది

మా బావ ఇందుకూరుపేట మండలంలో రొయ్యలు సాగు చేస్తాడు. పట్టుబడి దగ్గర పడిందంటే రోజుకు పదిసార్లు ఫోన్‌లో రేట్లు చూస్తాడు. వంద కౌంట్ (కిలోకు వంద రొయ్యలు తూగేది) ఎంత, ముప్పై కౌంట్ ఎంత, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా ఎంత. కిలోకు పది రూపాయలు తగ్గితే టన్నుకు పది వేలు పోయినట్టే. మొన్న గుంట గట్టు మీద నిలబడి ఆ రేటు కోసమే ఒక పేజీ తెరిచాడు. రేటు కనబడేలోపే తెర నిండా అప్పులిచ్చే యాప్ ప్రకటన వచ్చి కూర్చుంది. దాన్ని మూసే గుర్తు మూలన ఆవగింజంత. తడి వేలితో నొక్కితే మూతపడలేదు సరికదా, యాప్ డౌన్‌లోడ్ పేజీ తెరుచుకుంది. వెనక్కి వస్తే 'నోటిఫికేషన్లు పంపమంటారా' అని ఇంకో పెట్టె. "అబ్బయా, రేటు యాడుందో నువ్వు చూసి చెప్పు" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు.

చిన్న చిరాకే కదా, వదిలెయ్యమనేవాళ్లు చాలామంది ఉంటారు. నేను వదలదలుచుకోలేదు. డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో, తాను రీచార్జి చేయించుకున్న డేటాతో, తన పంట ధర తాను చూసుకోవడానికి ఒక రైతు ఇన్ని అడ్డంకులు దాటాలా? వాటిని తీసేసే పనిముట్టు ఉంది. ఉచితంగా దొరుకుతుంది. దాన్ని మన ఫోన్లలోకి రానివ్వనిది ఎవరో కూడా తెలుసు.

కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లకు ఈ బాధ పదేళ్ల కిందటే తీరింది. రేమండ్ హిల్ అనే ప్రోగ్రామర్ 2014లో మొదలుపెట్టిన యూబ్లాక్‌ని, ఇప్పటి పేరుతో చెప్పాలంటే యూబ్లాక్ ఆరిజిన్‌ని, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ లాంటి బ్రౌజర్‌కు ఒక్కసారి తగిలిస్తే సరిపోయేది. ప్రకటనలు, వాటి వెనక మనల్ని వెంటాడే ట్రాకర్లు చాలావరకు పోయేవి. ఆయన విరాళాలు కూడా తీసుకోడు. కానీ మన జిల్లాల్లో కంప్యూటర్ ముందు కూర్చునేది ఎందరు? టంగుటూరు వేలం కేంద్రం బయట బేళ్లతో కూర్చున్న పొగాకు రైతుకీ, మార్కాపురంలో గ్రూప్ పరీక్షలకు చదివే కుర్రాడికీ, కావలిలో కుట్టుమిషన్ పెట్టుకున్న అక్కకీ ఇంటర్నెట్ అంటే ఫోనే. ఆ ఫోన్‌లో కొన్నప్పటి నుంచీ ఉన్నది గూగుల్ వాళ్ల క్రోమ్. కంప్యూటర్‌లోని క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను, అంటే యూబ్లాక్‌లా బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న పనిముట్లను రానిస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలోని క్రోమ్ ఒక్కదాన్నీ రానివ్వదు. పేరు అదే, గుర్తు అదే, కంపెనీ అదే.

చిన్న తెర, తక్కువ మెమరీ, అందుకే కుదరదేమో అని కొన్నాళ్లు నేనూ అనుకున్నాను. కుదురుతుందని చూపించినవాళ్లు ఒకరిద్దరు కాదు. ఆండ్రాయిడ్ ఫైర్‌ఫాక్స్‌లో ఎక్స్‌టెన్షన్లు ఎప్పటి నుంచో పనిచేస్తున్నాయి. 2020లో ఆ యాప్‌ను కొత్తగా కట్టినప్పుడు కొద్ది ఎక్స్‌టెన్షన్లకే పరిమితం చేశారు, 2023 డిసెంబరులో మళ్లీ తలుపులు తెరిచారు. యాపిల్ కూడా 2021లో ఐఫోన్ సఫారీకి ఎక్స్‌టెన్షన్లు ఇచ్చింది. వీటన్నిటికన్నా నన్ను కదిలించింది కివీ. అది చిన్న బ్రౌజర్. క్రోమ్‌ను ఏ కోడ్ మీద కడతారో ఆ క్రోమియం మీదే దాన్నీ కట్టారు. 2019 నుంచి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో కంప్యూటర్ ఎక్స్‌టెన్షన్లను నడిపించింది. 2025 జనవరిలో ఆ ప్రాజెక్టు ఆగిపోయింది కానీ, అన్నేళ్లు నడిచింది కదా. మైక్రోసాఫ్ట్ కూడా తన ఎడ్జ్ బ్రౌజర్ ద్వారా ఫోన్లలో అదే పని మొదలుపెట్టింది, అదీ క్రోమియం మీదే. గూగుల్ రాసిన కోడ్‌తో వేరేవాళ్లు చేయగలిగింది, గూగుల్‌కు చేతకాదంటే ఎవరైనా నమ్ముతారా?

చేయకపోవడానికి కారణం వాళ్ల ఖాతా పుస్తకంలో ఉంది. 2024లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయం దాదాపు 35,000 కోట్ల డాలర్లు. అందులో 26,000 కోట్ల డాలర్లకు పైగా ప్రకటనల మీద వచ్చిందే. అంటే నాలుగింట మూడు వంతులు. ప్రకటనలు అమ్మేవాడే బ్రౌజర్ కూడా ఇస్తే, ఆ బ్రౌజర్‌కు ప్రకటనలను ఆపే కిటికీ ఎందుకు పెడతాడు? బియ్యం వ్యాపారి చేతికే కాటా ఇచ్చి తూకం నువ్వే చూడమంటే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంది.

కంప్యూటర్ల మీద ఉన్న ఆ కాస్త స్వేచ్ఛనూ ఈమధ్య బిగించారు. మేనిఫెస్ట్ వీ3 అనే కొత్త నిబంధనల పేరుతో క్రోమ్ 2024లో మొదలుపెట్టి, 2025 కల్లా పాత తరహా యూబ్లాక్ ఆరిజిన్‌ను పనిచేయకుండా చేసింది. ఇదివరకు ఎక్స్‌టెన్షన్ గడప దగ్గర నిలబడి, లోపలికి వచ్చే ప్రతిదాన్నీ చూసి, రానివ్వాలో వద్దో తానే తేల్చేది. ఇప్పుడు ఎవరిని ఆపాలో ముందుగా జాబితా రాసి బ్రౌజర్ చేతికివ్వాలి. ఆ జాబితా ఎంత పొడవుండాలో కూడా బ్రౌజరే చెబుతుంది. గడప దగ్గర కాపలా మారిపోయింది. యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని తేలికపాటిది ఒకటి మిగిలింది. మంచిదే, పాతదాని పట్టు మాత్రం దానికి లేదు. భద్రత కోసమే ఈ మార్పు అంటుంది గూగుల్.

భద్రత మాట వచ్చింది కాబట్టి చెబుతాను. 2022 డిసెంబరులో అమెరికా ఎఫ్‌బీఐ ప్రజలకు ఒక హెచ్చరిక ఇచ్చింది. సెర్చ్ ఫలితాల పైన వచ్చే ప్రకటనల స్థలం కొని, పేరున్న సంస్థల్లా నటిస్తూ జనాన్ని నకిలీ సైట్లకు లాగుతున్నారని, ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు యాడ్ బ్లాకింగ్ ఎక్స్‌టెన్షన్ వాడమని చెప్పింది. ఒక దేశపు నేర పరిశోధన సంస్థ దీన్ని రక్షణ కవచంగా సూచించింది. మన ఊళ్లో ఆ సలహా పాటిద్దామని ఫోన్ తీసి క్రోమ్ తెరిస్తే, పాటించడానికి దారే లేదు.

ప్రకటనల చికాకు గురించి మాత్రమే మాట్లాడేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. అడంగల్, 1బీ చూసుకుందామని 'మీభూమి' అని కొట్టే రైతుకు అసలు ప్రభుత్వ సైటుతోపాటు ఆ పేరు వాడుకునే ప్రైవేటు పేజీలు కనబడతాయి. వాటిలో పొలం వివరాలుండవు. పచ్చటి 'డౌన్‌లోడ్' బొత్తాలుంటాయి, ఆ బొత్తాలన్నీ ప్రకటనలే. కస్టమర్ కేర్ నంబరు కోసం వెతికి, ప్రకటనలో కనబడిన నంబరుకు ఫోన్ చేసి ఓటీపీ చెప్పేసిన పెద్దాయన మా వీధిలోనే ఉన్నాడు. సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేసేసరికే ఆలస్యమైంది. ఆయనకు చదువు లేక మోసపోయాడని అందరూ అన్నారు. చదువుకున్న నేనూ ఆ తెర మీద ఏది సమాధానమో, ఏది ప్రకటనో పోల్చుకోవడానికి కళ్లు చిట్లించాల్సి వస్తోంది.

మూసే గుర్తును ఆవగింజంత చేయడం తప్పని మన ప్రభుత్వమే రాసిపెట్టింది. కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ 2023 నవంబరు 30న డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే తెర మీద వాడేవాళ్లను మభ్యపెట్టే ఎత్తుల మీద మార్గదర్శకాలు తెచ్చి, 13 రకాల మాయలను పేర్కొంది. ప్రకటనను వార్తలా వేషం కట్టించడం అందులో ఉంది. రద్దు గుర్తును కనబడీ కనబడకుండా పెట్టడమూ ఉంది. కాగితం మీద అంతా బాగుంది. ఢిల్లీలో ఉన్న ఆ కాగితం గట్టు మీదున్న మా బావ ఫోన్ దాకా వచ్చేలోపు, తన ఫోన్‌ను తాను కాపాడుకునే హక్కయినా ఆయనకు ఉండాలి కదా.

ప్రకటనలు ఆపేస్తే వార్తలు రాసేవాళ్లు ఎలా బతకాలి అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, నేనూ రాసేవాణ్ణే. పేపర్ జిల్లా పేజీలో ట్రంకు రోడ్డు నగల దుకాణం ప్రకటన వస్తే నేనెప్పుడూ చించి పారేయలేదు. అది నా వెంట ఇంటికి రాదు, నేనేం చదివానో ఎవరికీ అమ్మదు. అలాంటి ప్రకటనలు పెట్టే సైట్లకు బ్లాకర్‌ను ఆపేసే మీట కూడా అందులోనే ఉంది, నేను వాడతాను. ఎక్స్‌టెన్షన్లలోనూ దొంగలున్నారన్నదీ నిజం. 2018లో క్రోమ్ స్టోర్‌లోనే నకిలీ యాడ్ బ్లాకర్లు బయటపడ్డాయి, వాటిని రెండు కోట్ల మందికి పైగా పెట్టుకున్నారు. దానికి మందు అసలుదాన్ని పోల్చుకోవడం నేర్పడం. మార్కెట్లో కల్తీ నూనె దొరికిందని ఊరందరినీ నూనె మానేయమనం.

ఆ నేర్పడం దగ్గరే నా మనసంతా ఉంది. మా నెల్లూరు జిల్లాకు దీనిలో ఒక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం వచ్చినప్పుడు పల్లెల్లో ఆడవాళ్లు రాత్రిపూట దీపాల కింద అక్షరాలు దిద్దారు. అక్కడే కూర్చుని తమ ఇంటి సంగతులు మాట్లాడుకున్నారు. మాటలు సారా దగ్గరికి వచ్చాయి. దూబగుంటలో రోశమ్మ వెంట ఆడవాళ్లు లేచి సారాను ఊళ్లోకి రానిచ్చేది లేదన్నారు. తర్వాత జిల్లా అంతటా వేలంపాటలను అడ్డుకున్నారు. సారా ఆదాయం లేకపోతే ప్రభుత్వం ఎలా నడుస్తుందని అప్పుడూ పెద్ద మనుషులు లెక్కలు చెప్పారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ కన్నీళ్లనూ ఫోన్ ప్రకటననూ ఒకే తూకంలో వేయడం లేదు. ఆ ఆడవాళ్లు అక్షరాలతోపాటు నేర్చుకున్న మాట ఒకటుంది, 'మా వాకిట్లోకి ఏది రావాలో మేం చెబుతాం' అని. దాని గురించే మాట్లాడుతున్నాను.

ఇప్పటి డిజిటల్ అక్షరాస్యత ఆ మాట నేర్పదు. డబ్బు ఎలా పంపాలో, యాప్ ఎలా పెట్టుకోవాలో, క్యూఆర్ కోడ్ ఎలా స్కాన్ చేయాలో చెబుతారు. అన్నీ 'సరే' నొక్కే పాఠాలే. 'వద్దు' ఎక్కడ నొక్కాలో ఒక్కరూ చెప్పరు. నోటిఫికేషన్ అనుమతి ఎలా తీసేయాలి, బ్రౌజర్ ఎలా మార్చుకోవాలి, ఆండ్రాయిడ్ 9 నుంచి సెట్టింగ్స్‌లో ఉన్న ప్రైవేట్ డీఎన్‌ఎస్‌లో (ఏ సైటు ఎక్కడుందో ఫోన్ ఎవరిని అడగాలో చెప్పే చోటు) యాడ్‌గార్డ్ లాంటి సంస్థలు ఇచ్చే చిరునామా పెడితే యాప్‌లలోని ప్రకటనలు కూడా కొన్ని ఎలా తగ్గుతాయి, ఇవి పొదుపు సంఘాల సమావేశాల్లో అరగంట పాఠం. యూట్యూబ్ ప్రకటనలు ఆ దారిలో ఆగవని కూడా చెప్పాలి, లేకపోతే పనిచేయలేదనుకుని మొత్తం తీసేస్తారు.

ఇక ఢిల్లీ చేయాల్సింది ఢిల్లీ చేయాలి. ఆండ్రాయిడ్ పెత్తనం మీద కాంపిటిషన్ కమిషన్ 2022 అక్టోబరులో గూగుల్‌కు 1,337.76 కోట్ల జరిమానా వేసింది, మరుసటి మార్చిలో అప్పీలు ట్రైబ్యునల్ ఆ జరిమానాను ఖరారు చేసింది. జరిమానా కట్టేస్తే మా బావ ఫోన్‌లో ఏమీ మారదు. ఫోన్‌తోపాటు ముందే వచ్చే బ్రౌజర్, కంప్యూటర్‌లో ఏ ఎక్స్‌టెన్షన్లను రానిస్తుందో వాటిని ఫోన్‌లోనూ రానివ్వాలని ఒక్క షరతు పెట్టమనండి. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు, కోడ్ వాళ్లదే.

ఆ రోజు గట్టు మీదే బావ ఫోన్‌లో ఫైర్‌ఫాక్స్ పెట్టి, దానిలో యూబ్లాక్ ఆరిజిన్ తగిలించాను. పది నిమిషాలు పట్టింది. అదే పేజీ తెరిస్తే రేటు ఒక్కటే కనబడింది. బావ రెండుసార్లు పైకీ కిందికీ జరిపి చూసుకున్నాడు, ఇంకేమీ రాలేదు. తర్వాతి ఆదివారం మా అక్క తన ఫోన్‌తోపాటు సంఘంలోని ముగ్గురి ఫోన్లు పట్టుకొచ్చింది. మూడింటికి పెట్టాను. నాలుగోది అక్కదే, దానిలో మెమరీ నిండిపోయి ఉంది. అందులో ఆమె ఎప్పుడూ పెట్టుకోని యాప్‌లు పదకొండు ఉన్నాయి. ఒక్కొక్కటీ చూపించి ఇది నీకు కావాలా అని అడుగుతుంటే, ఫోన్ తన చేతిలోకి తీసుకుని మిగతావి తానే తీసేయడం మొదలుపెట్టింది.