హిల్ టాప్‌లో రూబార్బ్ మడి

మీ పత్రికలో వచ్చిన హిల్ టాప్ వ్యాసం బాగుంది. కానీ పిల్లల కథలు రాసి, వాటికి బొమ్మలు కూడా గీసిన ఇంగ్లండ్ రచయిత్రి బియాట్రిక్స్ పాటర్ ఇల్లు హిల్ టాప్‌ని ‘పావుగంటలో చూసేయొచ్చు’ అన్నారు చూడండి, అక్కడే ఒప్పుకోను. ఇల్లు చిన్నదే, పదిహేడో శతాబ్దపు రైతు ఇల్లు. అయితే ఆమె బొమ్మల పుస్తకం ఒకటి చేతిలో పట్టుకుని తిరగాలి, అందులోని చోట్లు ఇక్కడ కనిపిస్తాయి.

మేం పోయిన వేసవిలో వెళ్లాం. లోపల వెలుతురు తక్కువ, కళ్లు అలవాటు పడటానికే కాసేపు పట్టింది. మెట్ల మలుపు దగ్గర మా పాప ఆగిపోయింది. పుస్తకం తెరిచి, ‘అమ్మా, ఎలుక అప్పడాల కర్ర దొర్లించింది ఇక్కడే!’ అని అరిచింది. వెనకున్న పెద్దావిడ కూడా వంగి చూసింది. బయట తోటలో, ఆమె కథలోని బాతు తన గుడ్లు దాచిన రూబార్బ్ (పుల్లటి కాడలుండే మొక్క) మడి కూడా ఉంది. మన గోంగూర మడిలా మామూలుగానే ఉంటుంది, కానీ పాప అక్కణ్ణుంచి కదల్లేదు.

మీరు రాయని సంగతి ఒకటి. 1905లో పుస్తకాల డబ్బుతో, దగ్గరి బంధువు ఇచ్చిన ఆస్తితో కొన్న ఈ ఇంట్లో ఆవిడ పూర్తిగా కాపురం పెట్టనేలేదు. 1913లో పెళ్లయ్యాక దగ్గర్లోనే ఉన్న కాజిల్ కాటేజ్‌లో ఉండి, దీన్ని తన పనికి, సామానుకి అట్టే పెట్టుకున్నారు. 1943లో పోతూ 4,000 ఎకరాలకు పైగా భూమిని, పాత ఇళ్లనీ ప్రకృతి స్థలాలనీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థకి రాసిచ్చారు. ఎలుకల బొమ్మలు గీసిన మనిషి గొర్రెల పెంపకంలో కూడా ఘనాపాఠీ!

టికెట్‌కి టైమ్ ఉంటుంది, ముందే బుక్ చేసుకోండి. మొదటిసారి మేం ఊరికే వెళ్లి వెనక్కి తిరిగొచ్చాం.