పెట్టి పుట్టిన పొగాకు

వచ్చే జన్మలో ఏమై పుట్టాలని ఉందని ఎవరైనా అడిగితే తడుముకోకుండా చెప్తాను: 1846 తర్వాత ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్‌లో ఓడ దిగిన పొగాకుగా. దేనికైనా పెట్టి పుట్టాలి మరి.

విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ ఆ ఏడాది స్వయంగా వచ్చి ప్రారంభించాడు కాబట్టి, అక్కడ ఓడలు సరుకు దించే ఆ రేవుకు ఆల్బర్ట్ డాక్ అని పేరు. నడుమ నీళ్లు, చుట్టూ అయిదంతస్తుల గిడ్డంగులు. అంతకుముందు గోదాములు ఊరికే తగలబడిపోయేవి. ఆ టెన్షన్ డాక్ ఇంజినీరు జెస్సీ హార్ట్‌లీకి ఎంతుండేదంటే, ముందు ఒక చిన్న నమూనా కట్టించి, లోపల కట్టెలూ తారూ నింపి, తనే నిప్పు పెట్టించి చూసుకున్నాడు. చివరికి బరువు మోసే చోట ఎక్కడా కర్రన్నదే వాడలేదు. ఇటుక, రాయి, పోత ఇనుము, అంతే. ఆఖరికి పైకప్పు కూడా రివెట్లు కొట్టిన ఇనుప రేకులే.

నీటి వైపు చూస్తే గ్రీకు గుళ్లలోలాంటి బొద్దు స్తంభాల వరస. దేవుడు ఎవరో తెలుసుగా, పత్తి, పట్టు, టీ, బ్రాందీ. మధ్యమధ్యలో ఆ వరస తెగి పెద్ద కమాను వస్తుంది. ఎందుకంటే క్రేను చెయ్యి తిప్పుకునేటప్పుడు ఏదీ అడ్డు తగలకూడదు. ఓడ పక్కనే గుమ్మం, దిగితే నేరుగా ఇంట్లోకే. 1848కల్లా నీటి పీడనంతో సరుకును పైకెత్తే యంత్రాలు కూడా వచ్చేశాయి. పాపం, టీ పెట్టె మెట్లెక్కితే ఆయాసం రాదూ!

ఊరి చరిత్ర రాసిన పిక్టన్ అనే ఆర్కిటెక్టుకు మాత్రం ఇది నచ్చలేదు. బలానికి వంక పెట్టలేం గానీ ఉత్త ఇటుకల గుట్టలా వికారంగా ఉందన్నాడు. చక్కెర మూటలు ఫిర్యాదు చేసినట్టు ఎక్కడా దాఖలా లేదు.

ఇక మనుషుల సంగతి. 1847లో ఐర్లండ్ కరువు నుంచి పారిపోయి దాదాపు మూడు లక్షల మంది ఇదే లివర్‌పూల్‌లో దిగారు. వాళ్లకు క్రేన్లు లేవు, కమానులు లేవు. ఊళ్లో పేదలు వేల సంఖ్యలో చెమ్మ ఓడే నేలమాళిగల్లో అప్పటికే కిక్కిరిసి ఉన్నారు, వీళ్లూ వెళ్లి ఆ చీకట్లోనే సర్దుకున్నారు. జనం ఆరోగ్యం చూడటానికి డాక్టర్ డంకన్‌ను నియమించింది ఆ ఏడాది జనవరిలోనే. బ్రిటన్‌లో ఏ ఊరికైనా ఆయనే మొదటి ఆరోగ్యాధికారి. ముందు గిడ్డంగి, తర్వాత వైద్యుడు. వరసలో తప్పేముంది? మనిషి తడిస్తే జ్వరమొస్తుంది, చక్కెర తడిస్తే నష్టమొస్తుంది. పైగా సరుకు మీద సుంకం వస్తుంది, మనిషి మీద ఏమొస్తుంది, దగ్గు తప్ప?

ఆ భోగమూ ఎక్కువ రోజులు సాగలేదనుకోండి. తెరచాప ఓడల కొలతకు కట్టిన డాక్ అది. ఆవిరి ఓడలు పెద్దవైపోయేసరికి దాని మొహం చూసేవాళ్లు తగ్గిపోయారు. 1972లో మూసేశారు. నీళ్లున్న చోటంతా బురద మేట వేసింది. 1980లలో బాగుచేసి, లోపల మ్యూజియం, టేట్ ఆర్ట్ గ్యాలరీ, ఫ్లాట్లు పెట్టారు. నూట పాతికేళ్లకు పైగా సరుకు కాపురమున్న చోట మనిషికి చోటు దొరికింది, డబ్బుంటేనే అనుకోండి.

పొగాకుకే ఎదురుదెబ్బ తగిలింది. 2007 నుంచి ఇంగ్లండ్‌లో నలుగురూ తిరిగే భవనాల్లో పొగ తాగకూడదు. ఇక్కడికి వచ్చినవాళ్లు సిగరెట్ వెలిగించాలంటే బయటికి వచ్చి, మెర్సీ నది మీంచి వీచే గాలికి అగ్గిపుల్ల ఆరిపోకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని, వానలో నిలబడాల్సిందే.