పంచదార గారికి, ఎంవీపీ కాలనీ నుంచి

మహారాజశ్రీ పంచదార గారికి,

‘ఉభయకుశలోపరి’ అని రాయబోయి ఆగాను. తమరు కుశలంగా ఉన్న ఒంట్లో నేను కుశలంగా ఉండలేనని మొన్న రక్తపరీక్ష కాగితం తేల్చేసింది. మూడు నెలల సగటు చెప్పే పరీక్షట అది. ముందు రెండు రోజులు నోరు కట్టుకుని దాన్ని బోల్తా కొట్టించలేం. కట్టుకుని చూశాను కాబట్టే చెబుతున్నాను.

అయినా తమరి హోదాయే వేరు. జబ్బుకి ఏకంగా తమరి పేరే! "ఆయనకి షుగరండీ" అంటే చాలు, ఊరికి అర్థమైపోతుంది. ఉప్పు ఎంత కష్టపడినా ఆ గౌరవం దక్కలేదు, పాపం. బీపీ బీపీగానే ఉండిపోయింది.

సరే, తమరిని మానేశానని ఇంట్లో చాటి, డబ్బా కడిగించి కందిపప్పు పోయించాను. మర్నాడు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ దాకా నడిచి, పంచదార లేని టీ ఒకటి అడిగాను. "ముందే కలిపేశాం బాబూ" అన్నాడు టీ బండాయన. కురుసుర 2001లోనే రిటైరై, ఆ తర్వాత ఒడ్డెక్కింది. తమరు మాత్రం ఇంకా నీటి అడుగున డ్యూటీలోనే ఉన్నారు.

టీలోనే అయితే సర్దుకుందును. టమాటా సాస్‌లో తమరే, బ్రెడ్డులో తమరే, ‘ఆరోగ్య’ బిస్కెట్లో మరీ తమరే. అట్ట వెనక పదార్థాలను బరువు ప్రకారం పైనుంచి కిందికి రాయాలి కదా; అందుకని పంచదార, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ అంటూ మూడు పేర్లతో చీలిపోయి మూడుచోట్ల నక్కుతారు. పేరు మార్చి ఓటేసేవాళ్లని చూశాం గానీ, ఇంత నేర్పు ఎక్కడా చూడలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజుకి 25 గ్రాముల లోపైతే ఇంకా మంచిదంటోంది. అంటే ఆరు చెంచాలు. 300 మిల్లీలీటర్ల కోలా ఒక్కటి తాగితే ఆ కోటా దాటిపోయినట్టే.

అప్పుడు నాకో బ్రహ్మాండమైన తెలివి పుట్టింది. పక్కనే అనకాపల్లి ఉండగా దిగులెందుకు? బెల్లం దిమ్మ తెచ్చి, కాఫీలో చితక్కొట్టి వేసుకుని, తీర్థం పుచ్చుకున్నంత భక్తిగా నెల్లాళ్లు తాగాను. ఎదురింటి పిన్నిగారు కూడా "బెల్లం చలవయ్యా, ఏం కాదు" అని దీవించారు. డాక్టరుగారు మాత్రం కాసేపు నా మొహంకేసి చూసి, "అందులో కాస్త ఐరనూ అదీ ఉంటే ఉండొచ్చు, మిగతాదంతా అదేనండీ" అన్నారు. తీరా చూస్తే బెల్లమంటే పంచె కట్టుకొచ్చిన తమరేనన్నమాట!

కాబట్టి ఇక నిజంగానే సెలవు.

ఇట్లు,
తమరి మాజీ

తా.క. డబ్బా కడిగించినా చీమల బారు ఆగలేదు. వాటి వెంట పోతే దేవుడి గూట్లో పటం వెనక అరకిలో పొట్లం కనబడింది. ఎవరు దాచారని నేను అడగలేదు. అందులో రెండు చెంచాలు ఎలా తగ్గాయని నన్నూ ఎవరూ అడక్కూడదు కదా.