పుస్తకాల పక్కన ఒక పనిబల్ల

వేసవి సెలవుల్లో మన పౌర గ్రంథాలయాలు పిల్లలతో కళకళలాడతాయి. కథలు చదివించడంతోపాటు కాగితంతో బొమ్మలు మడవడం, చిత్రాలు గీయడం, అల్లికలు నేర్పే శిబిరాలు పలుచోట్ల జరుగుతున్నాయి. బడులు తెరవగానే ఆ సందడి ఆగిపోతుంది. మళ్లీ నవంబరు 14 నుంచి 20 వరకు గ్రంథాలయ వారోత్సవాల్లో కొన్ని పోటీలు, బహుమతులు, అంతే. వారానికి ఒక్కపూటైనా, ఏడాది పొడవునా, ప్రతి శాఖా గ్రంథాలయంలో చేతిపనులకు చోటు కల్పించాలని మేము కోరుతున్నాం.

గ్రంథాలయం చదువుకునే చోటు కదా, అక్కడ కత్తెర, జిగురు ఎందుకని అడిగేవారున్నారు. కొండపల్లి బొమ్మను చూడండి. తేలికైన తెల్లపొణికి కర్రతో అవయవాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. ఏటికొప్పాక లక్కబొమ్మల తయారీలో తరిమెన మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీని ఒత్తితే రాపిడి వేడికే అది కరిగి రంగు పట్టుకుంటుంది. ఆ కర్రే ఎందుకు, ఆ లక్క ఎక్కడిది అన్న ప్రశ్న చేత్తో పనిచేసిన పిల్లవాడికి దానంతటదే పుడుతుంది. జవాబున్న పుస్తకం నాలుగడుగుల దూరంలో ఉండటమే గ్రంథాలయానికున్న ప్రత్యేకత. ఈ వసతి ఏ శిక్షణ కేంద్రంలోనూ దొరకదు. పుస్తకాలను విషయాలవారీగా అమర్చే డ్యూయీ దశాంశ వర్గీకరణలోనూ చేతిపనులకు 745, వస్త్రకళలకు 746 సంఖ్యలు ఎప్పటినుంచో ఉన్నాయి.

పోటీపరీక్షలకు చదువుకునే యువతకు నిశ్శబ్దం అవసరమన్నది న్యాయమైన మాట. వేరే గది లేనిచోట ఆదివారం సాయంత్రం రెండు గంటలు కేటాయిస్తే, ముందుగా బోర్డు మీద రాసిపెడితే, ఎవరి చదువుకూ భంగం ఉండదు. 1935లో గ్రంథాలయోద్యమ నాయకుడు పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో పుస్తకాలు పంపించారు. పాఠకులు వచ్చేదాకా కూర్చోకుండా గ్రంథాలయమే వారి దగ్గరకు వెళ్లడం మన గ్రంథాలయోద్యమానికి తెలిసిన పద్ధతి.

నేర్పేవారికి కొదవ లేదు. నరసాపురం ప్రాంతంలో లేసు అల్లే మహిళలున్నారు, చేర్యాలలో గుడ్డపై కథలను బొమ్మలుగా గీసే నకాషీ చిత్రకారులున్నారు. వారిని ఉచితంగా రమ్మనడం మాత్రం తగదు. పనిదినం పోగొట్టుకుని వచ్చే కళాకారులకు గౌరవవేతనం, దారిఖర్చు ఇవ్వాలి. ఇందుకు కొత్త పన్ను అక్కరలేదు. ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సును ప్రజలు ఇప్పటికే చెల్లిస్తున్నారు. స్థానిక సంస్థలు ఆ సొమ్మును బకాయి పెట్టకుండా జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమచేయాలి. అందులో కొంత భాగాన్ని చేతిపనుల పద్దు కింద వచ్చే బడ్జెట్లోనే చూపాలి.