ఫిలోమెల్ గారి సర్వీస్ రిజిస్టర్

ప్రభుత్వోద్యోగంలో ఎలా నెగ్గుకురావాలో తెలియని కుర్రాళ్లు ముందుగా హెచ్.ఎం.ఎస్. ఫిలోమెల్ అనే బ్రిటిష్ క్రూయిజర్ (ఒక రకం యుద్ధనౌక) సర్వీస్ రిజిస్టర్ చదవాలి. విక్టోరియా రాణి హయాంలో, 1890లో ఇంగ్లండ్‌లోని డెవన్‌పోర్ట్‌లో నీళ్లలోకి దిగింది. బరువు 2,575 టన్నులు.

తొలి పెద్ద ఎంట్రీ 1896 ఆగస్టు 27, తూర్పు ఆఫ్రికా తీరంలో అప్పట్లో బ్రిటిష్ రక్షణలో ఉన్న జాంజిబార్ దీవి. బ్రిటిష్‌వాళ్ల అనుమతి లేకుండా ఖాలిద్ బిన్ బర్గాష్ సుల్తాన్ గద్దెనెక్కాడు. ఉదయం 9 గంటలకల్లా దిగిపొమ్మని గడువు పెట్టారు. 9 దాటి రెండు నిమిషాలైందో లేదో, ఫిరంగులు పేలాయి. సుల్తాన్ మహలు చూస్తే చాలావరకు చెక్కతో కట్టినది. నలభై నిమిషాలు తిరక్కుండానే ఖాలిద్ జర్మన్ కాన్సులేట్‌లో దూరాడు, యుద్ధం అయిపోయింది. అటువైపు చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ 500 మంది దాకా. ఇటువైపు ఒక్క నావికుడికి గాయం. మహలు మీద ముందు కాల్చింది రకూన్, థ్రష్, స్పారో అనే వేరే ఓడలు. మన ఫిలోమెల్ ఆ దళంలో ఉంది, అంతే. రిజిస్టర్‌లో మాత్రం ‘యుద్ధంలో పాల్గొంది’ అని పడింది. ఆఫీసులో గ్రూప్ ఫొటో విలువ తెలిసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడాది ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యం మీదికి. నగరం తగలబడింది, అక్కడి కంచు శిల్పాలు కొల్లగొట్టుకుపోయారు. వాటిలో చాలా ఇప్పటికీ లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోనే ఉన్నాయి. ‘దండన యాత్ర’ అని రాసుకున్నారు. దొంగతనానికి ఇంత గౌరవమైన పద్దు ఏ అకౌంటెంటూ రాయలేడు.

1914 జులైలో న్యూజీలాండ్‌కు డెప్యుటేషన్. సొంత నౌకాదళం పెట్టుకుంటామని ఆ దేశం ముచ్చటపడితే, 24 ఏళ్లు వాడేసిన ఈ ఓడను ఇచ్చి లండన్ చేతులు దులుపుకుంది. నెల తిరక్కుండానే ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. పసిఫిక్‌లో జర్మనీ చేతిలో ఉన్న సమోవా దీవులను ఆక్రమించబోయే సైనికులకు కాపలాగా వెళ్లింది. అక్కడ ఎదిరించినవాడే లేడు. 1915లో టర్కీ తీరాన మాత్రం ఒడ్డుకు దిగిన ఫిలోమెల్ నావికులు కొందరు నిజంగానే చనిపోయారు. రిజిస్టర్‌లో నేను వెక్కిరించలేని పేజీ అదొక్కటే.

1921లో న్యూజీలాండ్‌లోని ఆక్లండ్ చేరింది. అక్కడ ఓడ ఆగిన పేట పేరు కూడా డెవన్‌పోర్టే! అక్కడ శిక్షణ ఓడగా 1947 దాకా ఒడ్డునే కట్టేసి ఉంది. మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం మొదలై, ముగిసింది కూడా. సీటు కదలకుండా పాతికేళ్లు! నా దృష్టిలో ఫిలోమెల్ అసలు ప్రతిభ ఇక్కడే కనిపిస్తుంది.

1949లో సముద్రంలో ముంచేశారు. అయినా పోస్టు రద్దు కాలేదు. అదే డెవన్‌పోర్ట్‌లో నేల మీదున్న నౌకాదళ స్థావరానికి ఫిలోమెల్ పేరే ఉంది. ‘ఫిలోమెల్‌లో పోస్టింగ్ వచ్చింది’ అని కొడుకు ఫోన్ చేస్తే, తుఫాను హెచ్చరిక విని అమ్మ టెన్షన్ పడాల్సిన పనే లేదు.