పేరెంట్ ఇంటరాక్షన్ గారికి ఒక తల్లి విన్నపం

మహారాజశ్రీ పేరెంట్ ఇంటరాక్షన్ గారికి,

కోకాపేట, ముప్పై ఒకటో అంతస్తు నుంచి మీ విధేయురాలు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు, మీ సీజన్ నడుస్తోంది.

ముందుగా, మిమ్మల్ని ‘ఇంటర్వ్యూ’ అన్నందుకు క్షమించాలి. మావాడి సీటు కోసం స్కూలుకి ఫోన్ చేసి నేనలా అనగానే అడ్మిషన్ల అమ్మాయి నొచ్చుకుంది. “ఇంటర్వ్యూ కాదు మేడమ్, ఇంటరాక్షన్” అంది. ఆ తేడా ఏమిటో లాయరైన మా మరిది చెప్పాడు. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం సీటు కోసం పిల్లల్ని గానీ తల్లిదండ్రుల్ని గానీ వడపోయకూడదట. పట్టుబడితే మొదటిసారి 25,000, ఆ తర్వాత ప్రతిసారీ 50,000 రూపాయల దాకా జరిమానా. (మావాడి మొదటి పుట్టినరోజున గుమ్మానికి కట్టించిన బెలూన్లకే అంతకంటే ఎక్కువైంది.) పైగా ఆ చట్టంలో బాలలంటే ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల వాళ్లు. మావాడికి మూడు. అంటే చట్టం లెక్కలో వాడింకా పుట్టనేలేదు. పుట్టనివాడి తల్లిని మీరు ఏం అడిగినా అడ్డొచ్చేదెవరు?

మీరు రాకముందు మా ఇళ్లలో ఎవరు ఎంత గొప్ప తల్లో తేల్చడం మహా కష్టంగా ఉండేది. సీమంతం ఈవెంట్ వాళ్లకి అప్పగించాం, అందరూ అదే చేశారు. కాన్పుకి ముహూర్తం పెట్టించాం, అందులోనూ కొత్తేం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో నూటికి 80కి పైగా కాన్పులు సిజేరియన్లేనని తేలాక ఇక మా గొప్ప ఏముంటుంది? రిటర్న్ గిఫ్టుగా వెండి గిన్నెలు పంచితే, నెల తిరక్కుండా పక్క టవరావిడ వెండి కంచాలు పంచింది. మీ దయవల్ల ఇప్పుడా బాధ లేదు. లిఫ్టులో “ఏ స్కూల్?” అని ఒక్క ప్రశ్న. జవాబు వినగానే అవతలావిడ కనుబొమలు చూస్తే చాలు, నేనెలాంటి తల్లినో నాకు తెలిసిపోతుంది.

మీ కోసం కోచింగ్ తీసుకున్నాను. నిజం. చెప్పింది కన్సల్టెంట్, నేర్చుకుంది నేను. పట్టు వద్దు, నారాయణపేట కాటన్ కట్టుకోమంది. చూడ్డానికి సాదాగా ఉండాలి, తెలిసినవాళ్లకి ధర తెలియాలట. ఉద్యోగం చేస్తున్నానంటే ‘మరి పిల్లాణ్ని ఎవరు చూస్తారు’ అంటారు, మానేశానంటే ‘మరి మీరేం చేస్తారు’ అంటారు. అందుకని ‘ఇంటి నుంచే చిన్న బ్రాండ్ నడుపుతున్నాను’ అనమంది. ఏం బ్రాండ్ అని అడిగితే నవ్వమంది. మా ఆయనకి మాత్రం కోచింగ్ అక్కర్లేదంది. అది ఎంత నిజమో అక్కడ చూశాను. నన్ను తొమ్మిది ప్రశ్నలు అడిగారు. ఆయన్ని అడిగింది ఒక్కటే: “పార్కింగ్ దొరికిందా సార్?”

అసలు చిక్కు ముందురోజు రాత్రి వచ్చింది. కన్సల్టెంట్ ఇచ్చిన కాగితంలో చివరి భాగం పేరు ‘మీ బిడ్డ గురించి’. వాడికి ఇష్టమైన కూర ఏది? ఏ కథ చెబితే నిద్రపోతాడు? దేనికి భయపడతాడు? నోటుపుస్తకం తీసుకుని వంటింట్లోకి వెళ్లి ఆయమ్మ పక్కన స్టూలేసుకుని కూర్చున్నాను.

ఆయమ్మది అచ్చంపేట దగ్గరి పల్లె. నాకు కాన్పైనప్పుడు కంపెనీ 26 వారాలు జీతంతో సెలవిచ్చింది, 2017 నాటి చట్ట సవరణ పుణ్యమా అని. ఆ సెలవు అయిపోయే వారంలో ఆమె మా ఇంటికొచ్చింది, తన ఎనిమిది నెలల పిల్లాణ్ని వాళ్లమ్మ దగ్గర వదిలేసి. ఆమెకి సెలవంటే బతుకమ్మ, సంక్రాంతి. ఆ పిల్లాడిప్పుడు ఊళ్లో అంగన్‌వాడీకి వెళ్తున్నాడు. అక్కడ వాళ్లమ్మకి హాబీలేమిటని ఎవరూ అడగలేదట. మధ్యాహ్నం గుడ్డు పెడతారట.

నేను అడుగుతుంటే ఆమె బియ్యం ఏరుతూ చెప్పుకుపోయింది. బెండకాయ వేపుడు తింటాడు, ముదురుదైతే ఉమ్మేస్తాడు. నక్క కథ చెప్పాలి, కానీ నక్క చావకూడదు. “ఉరుములంటే మస్తు భయమమ్మా, ఉరిమిందంటే కొంగులకు దూరి ఇడువడు” అంది. రాసుకున్నాను. రెండు క్షణాలాగి, “కాదు కాదమ్మా, గది మావోడు” అంది. “బాబుకు గా ఇల్లూడ్చే మిషను జూస్తే భయం.” కొట్టేసి కింద రోబో అని రాశాను.

మరునాడు మీ గదిలో ఏసీ చల్లదనానికో, మీ మేడమ్ కళ్లజోడుకో, నా నోరెండిపోయింది. మావాడి ముందు బొమ్మల కార్డులు పెట్టారు. వాడు వంకాయ బొమ్మ చూసి, ఇంగ్లీషు పేరు ఆరువారాలు నేర్పించినా, “గుత్తొంకాయ!” అని అరిచాడు. మా ఆయన తలదించుకున్నాడు. మేడమ్ మాత్రం మురిసిపోయి “మాతృభాష, చాలా మంచిది” అంది. ఈ మధ్య అదీ ఫ్యాషనేనని అప్పుడే తెలిసింది. ఆ తర్వాత నా వైపు తిరిగి, దేనికి భయపడతాడని అడిగింది. కొట్టేసిన మాటే ముందు గుర్తొచ్చింది.

“ఉరుములకి మేడమ్. కొంగులో దూరిపోతాడు.”

ఆవిడ కలం ఆగిపోయింది. “తల్లికి ఇంత దగ్గరగా ఉన్న పిల్లాణ్ని ఈ మధ్య చూడలేదు” అంది. కొంగు సవరించుకున్నాను. వారంలో సీటొచ్చింది. లిఫ్టులో నా వైపు చూసే కనుబొమలన్నీ ఒక అంగుళం లేచాయి.

నిజం చెప్పాలంటే మా ఫ్లాట్‌లో ఉరుములు వినపడవు. రెండు పొరల అద్దాలు. ఉరుమంటే ఏమిటో మావాడికి స్కూల్లోనే మొదటిసారి తెలిసింది. మొన్న జూన్‌లో టీచరు మెసేజ్ పెట్టింది: “ఈరోజు గట్టిగా ఉరిమినా బాబు అస్సలు భయపడలేదు. మూడు వారాల్లోనే గొప్ప ఇంప్రూవ్‌మెంట్!” అమ్మల గ్రూపులో పెడితే నలభై రెండు చప్పట్లు పడ్డాయి.

ఆ సాయంత్రం అచ్చంపేట వైపూ వానేనట. ఆయమ్మ ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి వెళ్లి, అద్దం తలుపు మూసుకుని, చాలాసేపు ఏదో చెబుతూ నిలబడింది. రెండు పొరల అద్దం కదా, నాకేమీ వినపడలేదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
మీ విధేయురాలు,
ఫలానా బాబు వాళ్ల మమ్మీ
(గ్రూపులో నా పేరు అలాగే ఉంటుంది)