పాస్ పుస్తకం లేకపోతే రైతు కాదా?

ఎకరానికి ఇంతని పెట్టుబడి సాయమిచ్చే రైతు భరోసా లెక్క నేటికీ పట్టాదారు పాస్ పుస్తకం మీదే నడుస్తోంది. ఎకరమో, రెండెకరాలో కౌలుకు పట్టి కొత్తగా సేద్యంలోకి దిగినవాళ్ల పేరు ఈ కాంగ్రెస్ సర్కారు జాబితాలో లేదు. 2022 మే 6న హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో కాంగ్రెస్ చేసిన రైతు డిక్లరేషన్‌ను వరంగల్ జనానికి గుర్తు చేయనక్కర్లేదు. పట్టాదారుతో పాటు కౌలు రైతుకూ ఎకరానికి ఏటా 15,000 రూపాయలన్నారు. 2025 జనవరిలో మొదలుపెట్టింది 12,000. అదీ పట్టా ఉన్నవాళ్లకే. తగ్గిన 3,000 గురించి చాలామంది అడిగారు. కౌలు రైతుకు ఇచ్చిన మాట ఏమైందన్నది మా ప్రశ్న.

యువత వ్యవసాయంలోకి రావాలని చెప్పని నాయకుడు లేడు. వచ్చినవాళ్ల గతి చూడండి. నర్సంపేట వైపు భూమి లేని ఇంటి పిల్లవాడు మిర్చి వేయాలంటే ముందు కౌలు డబ్బులు చేతిలో పెట్టాలి. ఎకరానికి పెట్టుబడి లక్ష దాటుతుంది. బ్యాంకుకు వెళితే పాస్ పుస్తకం అడుగుతారు. దాంతో నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి అడ్తిదారు (మార్కెట్‌లో కమీషన్ వ్యాపారి) దగ్గర తెస్తాడు. విత్తనాలు, మందులు ఉద్దెరకు తెస్తాడు. అప్పిచ్చిన అడ్తికే పంట అమ్మాలి కనుక, సరుకు వరంగల్ ఎనుమాముల మార్కెట్ యార్డుకు చేరకముందే బేరమాడే అవకాశం పోతుంది. అదే చేనుకు యజమాని హైదరాబాద్‌లో ఉన్నా రైతు భరోసా ఆయన ఖాతాలోనే పడుతుంది. సాగుకు పనికొచ్చే భూమి అయితే చాలు, బీడు పెట్టినా పడుతుంది.

రైతు బీమా సంగతి ఇంకా ఘోరం. పట్టాదారు చనిపోతే కుటుంబానికి 5 లక్షలు ఇస్తారు, ఇవ్వాల్సిందే. అదే చేను దున్ని, అప్పుల టెన్షన్ తట్టుకోలేక కౌలుదారు ప్రాణం తీసుకుంటే ఆ ఇంటికి బీమా లేదు. కారణం మళ్లీ పాస్ పుస్తకమే.

నిబంధనలు లేవని మాత్రం ఎవరూ చెప్పొద్దు. కౌలుదారులకు ఏడాదికోసారి రుణ అర్హత కార్డు ఇవ్వాలని 2011 చట్టం చెబుతోంది. కిసాన్ క్రెడిట్ కార్డుకు నోటిమాట మీద కౌలు చేసేవాళ్లు, పాలుకు చేసేవాళ్లూ అర్హులే. తాకట్టు లేని పంట రుణం పరిమితిని 2025 జనవరి నుంచి 2 లక్షలకు పెంచారు. నలుగురి నుంచి పది మంది వరకు కలిసి సంఘంగా రుణం తీసుకునే పద్ధతిని నాబార్డ్ ఎప్పుడో పెట్టింది. ఇరవై గుంటల్లో కూరగాయలు, పెరట్లో నాటుకోళ్లతో మొదలుపెట్టేవాళ్లకు ఈ మాత్రం అండ చాలు. కానీ బ్యాంకు గుమ్మం దగ్గర ఇవన్నీ పాస్ పుస్తకం ముందు ఓడిపోతున్నాయి.

కౌలుదారు పేరు కాగితం మీదికి ఎక్కితే భూమి పోతుందన్న భయం యజమానులకు ఉంది. 1950 కౌలుదారీ చట్టం, దాని కింద రక్షిత కౌలుదారులకే భూమి రాసిచ్చిన 38-ఇ పట్టాలు చూసిన ప్రాంతంలో అది సహజమే. అయితే 2011 కార్డు ఏడాదితో చెల్లిపోతుంది, దానితో భూమిపై ఏ హక్కూ రాదు. ఆ మాట ఊరూరా చెప్పాల్సింది ప్రభుత్వమే. భూమి లేని కూలీలకు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా పథకం పెట్టాం కదా అంటారేమో. అది కూలికి ఇచ్చేది, సాగుకు పెట్టుబడి కాదు.

గత బీఆర్ఎస్ ప్రభుత్వం కౌలుదారుకు రైతుబంధు ఇచ్చేది లేదని ముఖం మీదే చెప్పింది, భూమి రికార్డుల్లో సాగు చేసేవాళ్ల పేరు రాసే అనుభవదారు కాలమ్‌నే తీసేసింది. అది అన్యాయం. ఇస్తామని ఓట్లు అడిగి, గెలిచాక అదే పాస్ పుస్తకం చాటున దాక్కోవడం అంతకంటే పెద్ద తప్పు.

సాగు చేసేది ఎవరో కనుక్కోవడం కష్టమన్న సాకు మేము ఒప్పుకోం. ప్రతి సీజన్‌లో వ్యవసాయ విస్తరణ అధికారులు (ఏఈఓలు) సర్వే నంబర్ల వారీగా పంట నమోదు చేస్తున్నారు. పత్తా, మొక్కజొన్నా అని రాసుకునేవాళ్లకు అక్కడ నాగలి పట్టింది ఎవరో రాసుకోవడం భారమా? ఆ జాబితా గ్రామసభలో చదవండి, యజమాని అభ్యంతరాలు వినండి, రుణ అర్హత కార్డు కౌలుదారు చేతికివ్వండి.

2023లో ఉమ్మడి వరంగల్ ప్రజలు 12 సీట్లలో 10 కాంగ్రెస్‌కు ఇచ్చారు. ఓటు వేయడానికి వచ్చిన కౌలు రైతును పాస్ పుస్తకం ఏదని అప్పుడు ఎవరూ అడగలేదు. వచ్చే వానాకాలం విత్తనాలు పడేలోపు ఆ కార్డులు ఇవ్వలేకపోతే, యువత వ్యవసాయంలోకి రావాలని ఈ ఎమ్మెల్యేలు ఏ వేదిక మీదా మాట్లాడొద్దు.